ఓపెన్ ఎలెక్టివ్: చదవకుండా పాసయ్యేదా, పనికొచ్చేదా?

మూడోఏడు_ఈసీఈ:

అటానమస్ కాలేజీ, ఈసీఈ బ్రాంచి. రెగ్యులేషన్ దాదాపు జేఎన్‌టీయూహెచ్ 2022 నియమావళి (ఆర్22) లాంటిదే, మొత్తం 160 క్రెడిట్లు. వచ్చే సెమ్‌లో మొదటి ఓపెన్ ఎలెక్టివ్ ఉంది, 3 క్రెడిట్లు. ఆప్షన్ ఫారం శనివారంలోగా ఇవ్వాలి. లిస్టులో ఉన్నవి: ఆపరేషన్స్ రీసెర్చ్ (మెకానికల్ వాళ్లది), రిమోట్ సెన్సింగ్ - జీఐఎస్ (సివిల్), డిజాస్టర్ మేనేజ్‌మెంట్ (సివిల్), ఆపరేటింగ్ సిస్టమ్స్ (సీఎస్ఈ), ఎంట్రప్రెన్యూర్‌షిప్ (ఎంబీఏ).

సీనియర్లందరిదీ ఒకటే మాట: "డిజాస్టర్ పెట్టుకో, ముందురోజు రాత్రి చదివినా 70 వస్తాయి." అడగాలనుకున్నవి మూడు. అసలు మన బ్రాంచి కానిది చదివితే ఒరిగేదేమిటి? తక్కువ గ్రేడ్ వస్తే సీజీపీఏ ఎంత పడుతుంది? క్లాసుకు బదులు ఎన్‌పీటెల్ (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ కోర్సు) చేసుకోవచ్చంటున్నారు, అది మేలా?

సిలబస్_కాగితం:

ముందు ఒక రూల్. ఓపెన్ ఎలెక్టివ్ మీ డిపార్ట్‌మెంట్ ఇచ్చేది కాకూడదు, వేరే బ్రాంచి వాళ్లదే తీసుకోవాలి. లిస్టులో ఈసీఈ సబ్జెక్టు లేకపోవడానికి కారణం అదే. కాబట్టి "ఏది నా కోర్‌కి దగ్గర" అని వెతకడం కన్నా "నా కోర్‌లో సగం చెప్పి వదిలేసిన విషయానికి మిగతా సగం ఎవరు చెప్తారు" అని వెతకడం మంచిది.

సబ్జెక్టు పేరు చూసి ఎంచుకోవద్దు. ఐదు సబ్జెక్టుల సిలబస్ కాపీలూ, ఒక్కోదానికి గత మూడు ప్రశ్నపత్రాలూ దగ్గర పెట్టుకుని గంటసేపు కూర్చోండి. ప్రశ్నల్లో ముక్కాలు వంతు "వివరింపుము, లఘుటీక వ్రాయుము" బాపతే అయితే ఆ సబ్జెక్టు పరీక్ష అయిన మర్నాడే మర్చిపోతారు. సగానికి పైగా లెక్కలో, డిజైన్లో, గీసి చూపించాల్సినవో ఉంటే ఏదో ఒకటి చేతికంటుతుంది. ఆ లెక్కన మీ లిస్టులో డిజాస్టర్, ఎంట్రప్రెన్యూర్‌షిప్ మొదటి రకం. విపత్తు నిర్వహణ చిన్న విషయమని కాదు, తుపానులొచ్చే తీరం ఉన్నవాళ్లం మనం. ఆ పేపర్ మాత్రం నిర్వచనాలు, వర్గీకరణలు అడిగి ఊరుకుంటుంది.

ఎవరైనా ఇంజినీరింగ్ ఎకనామిక్స్ లాంటిది తీసుకుందామనుకుంటే ఆగండి. బిజినెస్ ఎకనామిక్స్ అండ్ ఫైనాన్షియల్ అనాలిసిస్, అదే బీఈఎఫ్ఏ, ఆంధ్ర వైపు ఎంఈఎఫ్ఏ, మీకు తప్పనిసరి పేపర్‌గా ఎలాగూ ఉంటుంది. బ్రేక్ ఈవెన్, క్యాపిటల్ బడ్జెటింగ్, రేషియోలు అన్నీ అందులోనే వస్తాయి. దాన్నే మళ్లీ ఇంకో పేరుతో చదివితే మార్కులు సులభంగా వస్తాయి కానీ 3 క్రెడిట్లు వృథా.

ఈసీఈ వాళ్లకి నేనైతే ఆపరేషన్స్ రీసెర్చ్ (ఓఆర్) మొదట పెడతాను. కారణం చివరి యూనిట్లలో వచ్చే క్యూయింగ్ థియరీ, అంటే వరుసలో ఎంతసేపు ఆగాలో లెక్కగట్టడం. మీరు కంప్యూటర్ నెట్‌వర్క్స్‌లో బఫర్, డిలే అని చదువుతారు కానీ ఆ డిలే ఎంతో లెక్కగట్టడం అక్కడ పెద్దగా చేయించరు. ఇక్కడ చేయిస్తారు. చూడండి: 100 ఎంబీపీఎస్ లింకు, ప్యాకెట్ సగటున 1250 బైట్లు, అంటే 10,000 బిట్లు. లింకు సెకనుకు 10,000 ప్యాకెట్లు పంపగలదు. ఎం/ఎం/1 మోడల్‌లో (ఒకే లింకు ముందు ఒకే వరుస) ఒక ప్యాకెట్ లోపల గడిపే సగటు సమయం = 1 ÷ (పంపగల రేటు − వచ్చే రేటు).

సెకనుకు 8,000 వస్తే 1/2000 సెకను, అంటే 0.5 మిల్లీసెకను.
9,500 వస్తే 2 మిల్లీసెకన్లు.
9,900 వస్తే 10 మిల్లీసెకన్లు.

ట్రాఫిక్ 8,000 నుంచి 9,900కి పెరగడమంటే పావు వంతు కూడా కాదు, డిలే మాత్రం 20 రెట్లయింది. "లింకు 80 శాతం నిండగానే కొత్తది వేయండి" అని నెట్‌వర్క్ వాళ్లు ఎందుకంటారో ఈ మూడు లైన్లలో తెలిసిపోతుంది. ఇందులో ఒక లోపం కూడా ఉంది: ఈ మోడల్ ప్యాకెట్లు పాయిజాన్ పద్ధతిలో, అంటే ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, వస్తాయనుకుంటుంది. నిజం ట్రాఫిక్ గుంపులు గుంపులుగా వస్తుంది కాబట్టి అసలు డిలే ఇంతకన్నా ఎక్కువే. మీరు ప్రాబబిలిటీ పేపర్ పీటీఎస్పీలో చదివిన పాయిజాన్ ప్రాసెస్ ఎందుకు చదివారో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

ఇంకో తమాషా ఏమిటంటే క్యూయింగ్ థియరీ పుట్టింది టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో ఎర్లాంగ్ అనే ఆయన 1909లో ఈ లెక్కలు ప్రచురించాడు. అంటే అసలు మీ ఇంటిదే. మెకానికల్ వాళ్ల ఇంటికి వెళ్లి తెచ్చుకోవాల్సి వస్తోంది.

లెక్కల_మాస్టారు:

పై మాటకి తోడు, ఓఆర్ పేపర్‌లో మార్కులు ఎక్కడ పోతాయో చెప్తాను. సింప్లెక్స్ లెక్క (పరిమితుల మధ్య ఎక్కువ లాభమో తక్కువ ఖర్చో వెతికేది) మూడు ఇటరేషన్లు పోతే అరగంట తినేస్తుంది, మొదటి టేబుల్‌లో ఒక్క గుర్తు తప్పితే మిగతా రెండూ తప్పే. బిగ్ ఎం పద్ధతిలో మాక్సిమైజేషన్‌కి ఆర్టిఫిషియల్ వేరియబుల్ ముందు −ఎం, మినిమైజేషన్‌కి +ఎం. ఎక్కువమంది జారేది ఇక్కడే. ట్రాన్స్‌పోర్టేషన్ లెక్కలో సప్లై, డిమాండ్ సమానం కాకపోతే ముందు డమ్మీ అడ్డువరుసో నిలువువరుసో వేయాలి. నిండిన గళ్లు ఎం+ఎన్−1 (ఎం అడ్డువరుసలు, ఎన్ నిలువువరుసలు) కంటే తగ్గితే డీజెనరసీ, దాన్ని సరిచేయకుండా మోడీ (ఎంఓడీఐ) పద్ధతికి వెళ్తే లెక్క కదలదు. అసైన్‌మెంట్ లెక్కలో లాభం అడిగితే ముందు అన్నిటికన్నా పెద్ద విలువలోంచి మిగతావన్నీ తీసేసి నష్టం మ్యాట్రిక్స్ చేసుకున్నాకే హంగేరియన్ పద్ధతి. ఈ జాగ్రత్తలు తెలిసినవాడికి ఇది డిజాస్టర్ కన్నా స్కోరింగ్. థియరీ పేపర్లో ఎంత రాసినా 60కి 60 వెయ్యరు, లెక్క సరిపోతే వేయక తప్పదు.

ఇక సీజీపీఏ భయం. కాగితం మీద వేసి చూడు బాబూ. డిజాస్టర్‌లో ఏ ప్లస్ వచ్చిందనుకో, 9 పాయింట్లు. ఓఆర్‌లో బి వచ్చిందనుకో, 6 పాయింట్లు. తేడా 3, దాన్ని 3 క్రెడిట్లతో గుణిస్తే 9. సెమ్‌లో 20 క్రెడిట్లుంటే ఎస్జీపీఏ (ఆ ఒక్క సెమ్ సగటు) 0.45 పడుతుంది, ఇది కళ్లకి పెద్దగానే కనిపిస్తుంది. నాలుగేళ్ల 160 క్రెడిట్ల మీద మాత్రం 9 ÷ 160 = 0.056. 7.82 ఉండాల్సింది 7.76 అవుతుంది, అంతే.

భయపడాల్సింది గ్రేడుకి కాదు, ఫెయిలవడానికి. ఆర్22లో ఎక్స్‌టర్నల్ 60లో 21, మొత్తం వందలో 40 రావాలి. ఇంటర్నల్ 36 వచ్చిందని ధీమా పడి ఎక్స్‌టర్నల్‌లో 19 తెచ్చుకుంటే మొత్తం 55 అయినా ఫెయిలే. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లని ప్లేస్‌మెంట్‌కి చాలా కంపెనీలు రానివ్వవు, సీజీపీఏలో 0.056 తేడాని ఎవరూ అడగరు. ఒక్క మినహాయింపు: కంపెనీల కటాఫ్ 7.0 అనుకుంటే 6.98, 7.02 మధ్య ఊగేవాళ్లకి 0.056 కూడా పెద్దదే. వాళ్లు ముందు గీత దాటే దారి చూసుకోవాలి.

గల్లీ_క్రికెటర్:

అందరు గొప్పగ చెప్తున్నరు గని ఒక మాట సూటిగ చెప్త తమ్మి. రెండు బ్యాక్‌లాగ్స్ ఉండి, కోర్ సబ్జెక్టే సరిగ రానోడు డిజాస్టర్ తీస్కుంటే తప్పు లేదు. వారానికి మూడు గంటల క్లాసు, దానికి తోడు ఇంకో మూడు గంటలు ఇంట్ల కూసోవాలె, పదహారు వారాలంటే సుమారు వంద గంటలు. ఆ వంద గంటలు బ్యాక్‌లాగ్ మీద పెడితే ఎక్కువ ఫాయిదా. ఇంకోటి, నాలుగో ఏడాది మొదటి సెమ్‌ల వచ్చే ఓపెన్ ఎలెక్టివ్‌కి బరువు సబ్జెక్టు పెట్టుకోకు. గప్పుడే కంపెనీలు వస్తయి, టెస్టులు, ఇంటర్వ్యూలు, అటెండెన్స్ పోతది. అటెండెన్స్ 75 శాతం కింద పడితే 65 దాకా కండొనేషన్ ఫీజు కట్టుకోవచ్చు, దాని కింద పోతే డిటెయినే. బరువుది మూడో ఏడాదిలనే ఒడగొట్టాలె.

సిలబస్_కాగితం:

పూర్తిగా ఒప్పుకుంటాను. నేను చెప్పింది బ్యాక్‌లాగ్ లేనివాళ్ల సంగతి.

మ్యాపుల_పిచ్చి:

రిమోట్ సెన్సింగ్‌ని, అంటే ఉపగ్రహ చిత్రాల చదువుని, ఎవరూ పట్టించుకోలేదేం? ఈసీఈ వాళ్లకి డీఎస్పీ (డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్), ఇమేజ్ ప్రాసెసింగ్ వస్తాయి కదా, వాటికి నిజమైన డేటా దొరికేది ఇక్కడే. సివిల్ వాళ్లు ఈ సబ్జెక్టుని సర్వే కోణంలో చదువుతారు. మీరు సిగ్నల్ కోణంలో చదవొచ్చు. సాఫ్ట్‌వేర్ ఉచితం, క్యూజీఐఎస్. డేటా కూడా ఉచితమే, యూరప్ వాళ్ల సెంటినెల్-2 ఉపగ్రహాలది. ఎరుపు బ్యాండ్ బీ4, నియర్ ఇన్‌ఫ్రారెడ్ బీ8, రెండూ 10 మీటర్ల రిజల్యూషన్.

క్లాసుతో పాటు చేసుకోగల పని ఒకటి చెప్తాను, ఇది రెజ్యూమెలో ఒక లైను అవుతుంది. మీ మండలం మీదుగా ఒక రబీ సీన్ (ఉపగ్రహ చిత్రం) దింపుకోండి. ఖరీఫ్‌లో దింపితే మబ్బులే కనిపిస్తాయి, అందుకే జనవరి, ఫిబ్రవరి. క్యూజీఐఎస్‌లోని రాస్టర్ క్యాలిక్యులేటర్‌లో ఎన్‌డీవీఐ (పచ్చదనం సూచిక) వేయండి: (బీ8 − బీ4) ÷ (బీ8 + బీ4). పచ్చటి వరిమడి 0.7, 0.8 దగ్గర, బీడు 0.2 లోపు, చెరువు నీళ్లు సున్నా కంటే కింద ఉండాలి.

చాలామంది దెబ్బతినేది ఇక్కడ. 2022 జనవరి ఆఖరు నుంచి వచ్చే సెంటినెల్-2 ఫైళ్లలో ప్రతి పిక్సెల్ విలువకీ 1000 కలిపి ఇస్తున్నారు. అది తీసేసి 10,000తో భాగిస్తేనే అసలు రిఫ్లెక్టెన్స్, అంటే నేల వెనక్కి పంపిన వెలుతురు వంతు. బీ8 5500, బీ4 1500 ఉన్న పిక్సెల్ తీసుకోండి. వెయ్యి తీయకుండా వేస్తే 4000 ÷ 7000 = 0.57. తీసి వేస్తే 4000 ÷ 5000 = 0.80. బలంగా ఉన్న పైరు బక్కచిక్కినట్టు కనిపిస్తుందన్నమాట. కొన్ని వెబ్‌సైట్లు ముందే తీసేసి ఇస్తాయి, అది తెలియక మళ్లీ తీస్తే ఇదే పిక్సెల్ 1.33 చూపిస్తుంది. ఎన్‌డీవీఐ 1 దాటిందంటే రెండుసార్లు తీసేశారని అర్థం. ఇలాంటివి క్లాసులో ఎవరూ చెప్పరు, ల్యాబ్‌లో విలువ తేడా వచ్చినప్పుడే పట్టుబడతాయి.

హైదరాబాద్ వాళ్లకి ఇంకో సౌకర్యం: ఇస్రో వారి నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ బాలానగర్‌లోనే ఉంది, గ్రౌండ్ స్టేషన్ షాద్‌నగర్‌లో. వాళ్ల భువన్ పోర్టల్‌లో మన రాష్ట్రాల లేయర్లు చూసుకోవచ్చు.

మూడోఏడు_ఈసీఈ:

అందరికీ థ్యాంక్స్. ఆపరేటింగ్ సిస్టమ్స్ గురించి ఎవరూ అనలేదు. అదెలా? ఎన్‌పీటెల్ సంగతి కూడా చెప్పండి. ఇంకోటి, మా రూమ్మేట్ సీఎస్ఈ. వాళ్లకి ఎన్‌పీటెల్‌లో భాషాశాస్త్రం తీసుకోవచ్చని లిస్టులో ఉందట. వాడు నవ్వుతున్నాడు, "కోడింగ్ చేసేవాడికి వ్యాకరణమా" అని.

బోర్డు_టంకం:

ఓఎస్ సంగతి నేను చెప్తాను. ఎంబెడెడ్ వైపు (పరికరాల లోపలి చిప్‌లకి ప్రోగ్రాం రాసే పని) వెళ్లాలనుకుంటే మిగతావన్నీ పక్కనపెట్టి ఇదే తీసుకోండి. మైక్రోప్రాసెసర్స్‌లో ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపమనే పిలుపు) ఎలా వస్తుందో చదివారు. వచ్చిన ఇంటరప్ట్‌ని ఎవరు ముందు అందుకోవాలి, ఎవరు ఆగాలి అన్నది ఓఎస్. 1997లో మార్స్ మీద దిగిన పాత్‌ఫైండర్ మాటిమాటికీ రీసెట్ అవడానికి కారణం హార్డ్‌వేర్ కాదు, ప్రయారిటీ ఇన్వర్షన్. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఒక తాళం పట్టుకుని ఉంది, ఎక్కువ ప్రాధాన్యం ఉన్నది ఆ తాళం కోసం కాచుకుంది, మధ్యస్థం పని వచ్చి కింది దాన్ని కదలనివ్వలేదు. వాచ్‌డాగ్ టైమర్ "పని అవలేదు" అని మొత్తం రీసెట్ కొట్టింది. ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ (తాళం పట్టుకున్న పనికి కాసేపు పై ప్రాధాన్యం ఇవ్వడం) ఆన్ చేసి భూమి మీద నుంచే సరిచేశారు.

సిలబస్‌లో చూడాల్సింది: సింక్రనైజేషన్, సెమాఫోర్లు (పనుల మధ్య వాడే ఇలాంటి తాళాలు) ఒక పూర్తి యూనిట్‌గా ఉన్నాయా లేదా. వేరే బ్రాంచి వాళ్లకని కొన్నిచోట్ల కోతపెట్టిన సిలబస్ ఇస్తారు, షెడ్యూలింగ్ లెక్కలు, పేజ్ రీప్లేస్‌మెంట్ లెక్కలు ఉంచి సెమాఫోర్లు ఎత్తేస్తారు. అలాంటిదైతే ఓఆరే మేలు. సీ భాషలో పాయింటర్లు రానివాళ్లు సెలవుల్లో రెండు వారాలు వాటి మీద కూర్చుని రావాలి, లేకపోతే రెండో యూనిట్‌కే వెనకబడతారు.

ఎన్‌పీటెల్_బుధవారం:

ఎన్‌పీటెల్ గురించి. కోర్సులో చేరడం ఉచితం, పరీక్షకు రిజిస్టర్ అవడం వేరు, దానికి వెయ్యి రూపాయలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకి ఫీజు సగం. ఏటా బోలెడంతమంది "ఎన్‌రోల్ అయ్యాను కదా" అనుకుని పరీక్ష రిజిస్ట్రేషన్ గడువు దాటించేస్తారు. వీడియోలన్నీ చూసినా అప్పుడు క్రెడిట్ రాదు.

మొదట చేయాల్సింది వీడియో చూడటం కాదు, హెచ్ఓడీ దగ్గర నుంచి ఆమోదించిన కోర్సుల లిస్టు కాగితం మీద తీసుకోవడం. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక స్వయం (ఎన్‌పీటెల్ కోర్సులు ఉండేది అందులోనే) మీది కోర్సుల ద్వారా ఒక సెమిస్టర్ కోర్సుల్లో 40 శాతం దాకా తీసుకోవడానికి యూజీసీ 2021 నిబంధనలు వీలిచ్చాయి. అది వీలు మాత్రమే, మీ కాలేజీ ఎంత ఒప్పుకుంటే అంత. మామూలుగా 12 వారాల కోర్సుకి 3 క్రెడిట్లు, 8 వారాలకి 2, 4 వారాలకి 1. మీకు కావాల్సింది 3 కాబట్టి 12 వారాలదే. 8 వారాలది చేసి మిగతా ఒక్క క్రెడిట్ కోసం తిరిగేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు.

మార్కుల పద్ధతి: 12 అసైన్‌మెంట్లలో బెస్ట్ 8 సగటుకి 25 శాతం, సెంటర్‌లో కూర్చుని రాసే పరీక్షకి 75 శాతం. సర్టిఫికెట్ రావాలంటే అసైన్‌మెంట్‌లో 25కి 10, పరీక్షలో 75కి 30, రెండూ విడివిడిగా దాటాలి. అసైన్‌మెంట్లన్నీ ఎక్కడినుంచో ఎత్తిరాసి సగటు 90 తెచ్చుకున్నాడనుకోండి, 22.5 వచ్చాయి. పరీక్షలో వందకి 38 అంటే 28.5. మొత్తం 51, అయినా సర్టిఫికెట్ లేదు, ఎందుకంటే 30 దాటలేదు. మొత్తం 60 దాటితే ఎలీట్, 75 దాటితే సిల్వర్, 90కి గోల్డ్.

అసైన్‌మెంట్ గడువు సాధారణంగా బుధవారం అర్ధరాత్రి, సర్వర్ మీద భారం కూడా అప్పుడే. మంగళవారమే పంపేయండి. పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి, ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకి కూడా క్రెడిట్ ట్రాన్స్‌ఫర్ ఆగుతుంది. జనవరి బ్యాచ్ పరీక్షలు ఏప్రిల్ ఆఖర్లో పడతాయి, మీ రెండో మిడ్‌తోనో ల్యాబ్ ఎక్స్‌టర్నల్‌తోనో తగలొచ్చు. తేదీలు పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మేలా కాదా అంటే, లిస్టులో ఉన్న సబ్జెక్టే మీ కాలేజీలో క్లాసుగా ఉండి, చెప్పే మాస్టారు మంచివాడైతే క్లాసే మేలు. డౌట్ వస్తే అడగడానికి మనిషి ఉంటాడు. కాలేజీలో ఎవరూ చెప్పలేని సబ్జెక్టుకే ఎన్‌పీటెల్ అసలు ఉపయోగం. మీ రూమ్మేట్ లిస్టులోని భాషాశాస్త్రం అలాంటిదే.

అచ్చు_హల్లు:

రూమ్మేట్‌ని ఒక్క ప్రయోగం చేయమనండి. పైథాన్‌లో "స్త్రీ" అన్న మాట పొడవు అడగమనండి. చదివేవాడికి ఒక్క అక్షరం, పైథాన్ 6 అంటుంది: స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వం. యూటీఎఫ్-8లో (గుర్తుల్ని బైట్లుగా దాచే పద్ధతి) ఒక్కోటి 3 బైట్లు, మొత్తం 18. డేటాబేస్‌లో పేరుకి 50 బైట్లు కేటాయించినవాడి దగ్గర తెలుగు పేరు పదహారు గుర్తులకే తెగిపోతుంది, అదీ అక్షరం మధ్యలో. మాటని తిరగేసే ఇంటర్వ్యూ ప్రోగ్రాం దీని మీద నడిపితే గుణింతం ముందుకొచ్చి, వత్తు తారుమారై, చదవలేని ముద్ద వస్తుంది.

ఇది ఇంకా లిపి గొడవే. భాష గొడవ వేరే ఉంది. "చెప్పలేకపోయాననుకున్నాడు" అన్నది తెలుగులో ఒక్క మాట. ఖాళీల దగ్గర విడగొట్టే ప్రోగ్రాంకి అది ఒక్క టోకెన్, ఒక్క ముక్క. అందులో "పోయాను" అని వెతికితే దొరకదు, ఎందుకంటే సంధిలో ఉకారం పోయి "పోయానను" అయింది. మన చిన్నయసూరి చెప్పిన ఉత్వసంధే, సెర్చ్ బాక్స్‌లో బగ్‌గా తేలింది. రూపవిచారం (మాటల నిర్మాణం) అన్న యూనిట్ చదివినవాడికి ఇది మొదటి వారంలోనే కనబడుతుంది. చదవనివాడు భాషా మోడల్‌కి ఇంకా డేటా కావాలంటాడు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌తో కంప్యుటేషనల్ లింగ్విస్టిక్స్‌ని కలిపి డ్యూయల్ డిగ్రీయే ఉంది. అది నవ్వులాట సబ్జెక్టయితే ఆ సీటు కోసం అంత పోటీ ఉండేది కాదు. ఇంకో దారి కూడా ఉంది. గేట్‌లో 2021 నుంచి హ్యుమానిటీస్ పేపర్ ఎక్స్‌హెచ్ పెట్టారు, బీటెక్ మూడో ఏడాది వాళ్లూ రాయొచ్చు. జనరల్ ఆప్టిట్యూడ్ 15, రీజనింగ్ - కాంప్రహెన్షన్ 25, మనం ఎంచుకున్న ఒక విభాగం 60 మార్కులు. ఆ విభాగాల్లో ఎకనామిక్స్, సైకాలజీ, సోషియాలజీ, ఫిలాసఫీ, ఇంగ్లీషుతో పాటు లింగ్విస్టిక్స్ ఉంది. ఒక్క ఎలెక్టివ్‌తో 60 మార్కుల సిలబస్ పూర్తవదు. ఆ వైపు మనసు పోతుందో లేదో తేల్చుకోవడానికి సరిపోతుంది.

డిగ్రీ_బోటనీ:

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఆంధ్రలో బీఎస్సీ బోటనీ మేజర్. 2023-24 నుంచి సింగిల్ మేజర్ వచ్చింది కదా, మైనర్‌కి స్టాటిస్టిక్స్ తీసుకోమంటున్నారు, కెమిస్ట్రీ తీసుకోమంటున్నారు. మ్యాథ్స్ ఇంటర్‌లో లేదు.

లెక్కల_మాస్టారు:

పీజీ ఎంట్రెన్స్ బయోకెమిస్ట్రీ వైపు అయితే కెమిస్ట్రీ వదలొద్దమ్మా. జెనెటిక్స్, ప్లాంట్ బ్రీడింగ్, ఎకాలజీ వైపు అయితే స్టాటిస్టిక్స్. కాల్క్యులస్ ఎంత ఉందో సిలబస్‌లో చూడు. ప్రాబబిలిటీ డిస్ట్రిబ్యూషన్ల యూనిట్‌లో ఇంటిగ్రేషన్ వస్తే ఇంటర్ రెండో ఏడాది మ్యాథ్స్ పుస్తకం నెల ముందు తిరగేయాలి.

ఎందుకు పనికొస్తుందో మీ పుస్తకంలోని అంకెలతోనే చెప్తాను. మెండెల్ బఠాణీ డైహైబ్రిడ్ (రెండు లక్షణాల) ప్రయోగంలో వచ్చినవి 315, 108, 101, 32, మొత్తం 556. మీరు "ఇది 9:3:3:1" అని రాసి ముందుకెళ్లిపోతారు. సరిగ్గా 9:3:3:1 అయితే రావాల్సినవి 312.75, 104.25, 104.25, 34.75. ఒక్కో తేడా వర్గాన్ని రావాల్సిన సంఖ్యతో భాగించి నాలుగూ కూడితే కై-స్క్వేర్ (అంచనాకీ వచ్చినదానికీ తేడా ఎంతో చెప్పే అంకె) 0.47. మూడు డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌కి (నాలుగు రకాల్లో ఒకటి తీసేస్తే) 5 శాతం హద్దు 7.815. దానికి చాలా కింద ఉంది కాబట్టి నిష్పత్తి నిలబడింది. మెండెల్ లెక్కలన్నీ కలిపి చూసి, ఇంత బాగా కుదరడమే అనుమానంగా ఉందని 1936లో ఫిషర్ అనే స్టాటిస్టిక్స్ పండితుడు రాశాడు. పుస్తకంలోని అంకెని అనుమానించే పని బోటనీ పేపర్ నేర్పదు, స్టాటిస్టిక్స్ పేపర్ నేర్పుతుంది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో ఉన్నప్పుడు స్టాటిస్టిక్స్ ప్రయోగించింది దేని మీదనుకున్నావు? సూడాన్ తవ్వకాల్లో దొరికిన ఎముకల కొలతల మీద.

జాగ్రత్త ఒకటి: కై-స్క్వేర్‌లో శాతాలు వేయకూడదు, లెక్కపెట్టిన సంఖ్యలే వేయాలి. ఏ గడిలోనైనా రావాల్సిన సంఖ్య 5 కంటే తక్కువైతే ఆ ఫలితాన్ని నమ్మకు.

మూడోఏడు_ఈసీఈ:

నేను ఓఆర్ మొదటి ఆప్షన్, ఓఎస్ రెండో ఆప్షన్ అనుకుంటున్నాను. మైనర్ డిగ్రీ కూడా చేయమని ఒక మాస్టారు అంటున్నారు.

సిలబస్_కాగితం:

మైనర్ అంటే 160 మీద ఇంకో 18 నుంచి 20 క్రెడిట్లు. 3 క్రెడిట్ల చొప్పున ఆరు పేపర్లు, మిగిలిన సెమ్‌లలో సర్దాలి. సెమ్‌కి ఒకటో రెండో అదనం. ఇక్కడ పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, ఓపెన్ ఎలెక్టివ్‌గా చదివిన పేపర్‌నే మైనర్‌లో కూడా లెక్కలోకి తీసుకుంటారనుకుంటారు. మామూలుగా ఒకే పేపర్‌ని రెండుచోట్లా లెక్కేయరు. దీన్ని మీ రెగ్యులేషన్ పుస్తకంలో చదివి, ఎగ్జామ్ బ్రాంచిలో అడిగి మరీ ఖాయం చేసుకోండి. దాంతోపాటు మైనర్‌కి సీజీపీఏ కటాఫ్, బ్యాక్‌లాగ్ ఉండకూడదన్న షరతు ఏ సెమ్ దాకా వర్తిస్తాయో చూడండి. నా లెక్కలో, ఆరు పేపర్లలో మూడింటి సిలబస్ చదవగానే ఆసక్తి కలగకపోతే మైనర్ జోలికి పోకపోవడమే మంచిది. రెండు మంచి ఓపెన్ ఎలెక్టివ్‌లు, ఒక్కోదానికి ఒక చిన్న ప్రాజెక్టు చాలు. రెజ్యూమెలో కూడా "ఆపరేషన్స్ రీసెర్చ్ చదివాను" అని రాస్తే ఎవరూ చూడరు. "కాలేజీ క్యాంటీన్ కౌంటర్ దగ్గర గంటసేపు రాకపోకలు లెక్కగట్టి, రెండో కౌంటర్ పెడితే వేచి ఉండే సమయం ఎంత తగ్గుతుందో ఎం/ఎం/2తో అంచనా వేశాను" అని రాస్తే ఇంటర్వ్యూలో పది నిమిషాలు దాని మీదే గడుస్తాయి. కాకపోతే క్యాంటీన్‌లో ఇంటర్వెల్ గంట కొట్టగానే అందరూ ఒక్కసారే వస్తారు, అది పాయిజాన్ కాదు. ఆ మాట వాళ్లు అడగకముందే మీరే చెప్పండి.

గల్లీ_క్రికెటర్:

శనివారం దాకా ఆగకు తమ్మి. ఓఆర్‌కి సరిపడ మంది రాకపోతే క్లాసే నడపరు, ఉన్నోళ్లని తీస్కపోయి డిజాస్టర్‌లనే కూసోబెడ్తరు. మీ క్లాసుల ఓఆర్ అడిగేటోళ్లు ఎంతమందో ఇయ్యాలనే వాట్సాప్ గ్రూపుల అడుగు. ఫారంల రెండో ఆప్షన్ గడి ఖాళీగ ఇడ్సకు. మెకానికల్ ఆఫీసుల పోయి ఈసారి ఆ పేపర్ ఎవరు చెప్తున్నరో కూడ కనుక్కో.

మూడోఏడు_ఈసీఈ:

అడిగాను. ఇప్పటికి పద్నాలుగు మంది. హెచ్ఓడీ ఇరవై కావాలన్నారు.

మ్యాపుల_పిచ్చి:

ఆ పద్నాలుగు మందికీ లెక్కల మాస్టారు రాసిన 0.056 స్క్రీన్‌షాట్ పంపు. ఇంకో ఆరుగురు దొరుకుతారు.